ఖరగ్‌పూర్: నడుమ ఖాళీ క్వార్టర్లు, అంచున కొత్త ప్లాట్లు

2024 ఏప్రిల్ 30న పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండలో 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఆ తేదీకి అక్కడ ఉండవలసినదానికంటే అది సుమారు పది డిగ్రీలు ఎక్కువ. కలైకుండ వైమానిక స్థావరం ఖరగ్‌పూర్‌కు కూతవేటు దూరంలో ఉంది. ఖరగ్‌పూర్ అనగానే ఒక పొడవైన ప్లాట్‌ఫారం, ఒక ఐఐటి గుర్తుకు వచ్చే తెలుగువారు చాలామంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలకు మాత్రం అది తాతలు కొలువు చేసిన ఊరు. ఆ ఊరు ఇప్పుడు పెరుగుతున్న తీరులో, దేశంలోని అనేక మధ్యతరహా నగరాలు ఎదుర్కొంటున్న ఒక సమస్య స్పష్టంగా కనిపిస్తుంది. పట్టణం నడిబొడ్డున ప్రభుత్వ స్థలంలో కట్టిన ఇళ్ళు కొన్ని పాడుబడుతుండగా, అంచున పొలాలూ చెరువులూ అడవి వారలూ ఇళ్ళ స్థలాలుగా మారుతున్నాయి.

ఈ పరిస్థితికి కారణం జనాభా ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఈ పట్టణంలో నివసించేవారికి నివసించే హక్కు ఏ రూపంలో దక్కిందో చూస్తే అసలు కారణం తెలుస్తుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1898–1900 మధ్య తన మార్గాలను హౌరా, కటక్ దిశలుగా కలుపుతూ ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకుంది. కంసావతి నదికి దక్షిణాన, ఎర్ర కంకర నేలల మీద, గుగ్గిలం అడవుల అంచున స్టేషను, దాని వెంట వర్క్‌షాపు, వర్క్‌షాపు వెంట కాలనీలు వెలిశాయి. ఆ కాలనీలకు వచ్చిన శ్రామికులలో తెలుగువారి సంఖ్య గణనీయం. వాల్తేరు వరకు సాగిన ఆ రైలుమార్గమే వారిని ఉత్తరాంధ్ర పల్లెల నుంచి అక్కడికి తీసుకుపోయింది. కలాసీలు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, గుమాస్తాలు ఒకరి వెనుక ఒకరు వెళ్ళారు. బరంపురంలో జన్మించి, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించారు. తొలగింపునకు గురైన కార్మికుల హక్కుల కోసం సాగిన పోరాటమది. స్వాతంత్ర్యానంతరం ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు కూడా ఖరగ్‌పూర్, వాల్తేరు ఒకే జోనులో ఉన్నాయి. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడే వరకూ ఆ పరిస్థితి కొనసాగింది. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడం వెనుక ప్రధానంగా ఉన్నది ఈ ఊరి జనమే.

కంపెనీ తన ఉద్యోగులకు కట్టిన కాలనీ ఎలాంటిది? వెడల్పైన తిన్నని వీధులు, అధికారులకు విశాలమైన ఆవరణలతో బంగళాలు, కార్మికులకు వరుస క్వార్టర్లు, నడుమ మైదానాలు, బాటల పక్కన నీడచెట్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1898లో, ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డ్ ఉద్యాన నగరం గురించిన తన పుస్తకాన్ని వెలువరించాడు. ఆరు వేల ఎకరాలలో వెయ్యి ఎకరాలే పట్టణానికి, మిగిలిన ఐదు వేల ఎకరాలు సాగుకూ పచ్చదనానికీ వదలాలని, జనాభా 32 వేలకు మించరాదని ఆయన ప్రతిపాదన. ఖరగ్‌పూర్ కాలనీకి ఆ పుస్తకమే ప్రేరణ అని చెప్పడం లేదు. అధికారి బంగళాకూ కలాసీ గదికీ మధ్య నున్న అంతరం చూస్తే హోవర్డ్ కూడా ఒప్పుకునేవాడు కాదేమో. అయితే పలుచగా కట్టి, ఇళ్ళ మధ్య చెట్లను ఉంచుకోవాలన్న ఆలోచన ఆ కాలానిదే. ఒక్క విషయం ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవాలి. నేడు మనం ముచ్చటపడే ఆ నీడ కూడా ఒకప్పుడు అడవి అంచును చదును చేసి తెచ్చుకున్నదే. 1900లో రైల్వే కాలనీయే శివారు.

హోవర్డ్ ప్రణాళికకూ కంపెనీ కాలనీకీ అసలు తేడా భూమి విషయంలో ఉంది. ఉద్యాన నగరంలో భూమి నివాసులందరి తరఫున ఉమ్మడిగా ఉంటుంది. భూమి విలువ పెరిగితే ఆ లాభం ఊరికే దక్కుతుంది. రైల్వే కాలనీలో భూమి రైల్వేది, ఇల్లు కొలువుది. కొలువు ముగిసిన కొద్ది నెలలకే తాళంచెవి అప్పగించాలి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత పలాస వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో కలాసీగా చేరాడు. కొడుకు ఫిట్టరయ్యాడు. ఇద్దరూ చెరొక ముప్ఫై అయిదేళ్ళు రైల్వే క్వార్టర్లలోనే కాపురముండి, అక్కడే పిల్లల్ని పెంచి, వీధి చివర గుడిలో మొక్కులు తీర్చుకున్నారు. కొడుక్కి అరవై ఏళ్ళు వచ్చిన నాడు ఆ కుటుంబానికి ఊళ్ళో తమదని చెప్పుకోవడానికి గజం నేల లేదు. సొంత పల్లెలో తాత వాటా ఏనాడో అన్నదమ్ముల లెక్కల్లో కలిసిపోయింది. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ మాట్లాడతారు. ఇచ్ఛాపురం దాటి వెనక్కి వెళ్ళి స్థిరపడమంటే వారికి అది పరదేశమే. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ చేతికి వస్తాయి. ఆ డబ్బుతో ఊరి నడుమ కొనడానికి భూమి లేదు, ఎందుకంటే నడుమ భూమి అంతా రైల్వేదే. మలంచా, ఇందా, కౌశల్యా వంటి పాత ప్రైవేటు పేటల్లో ధర అందదు. ఇక మిగిలింది అంచు. తాల్‌బాగీచా అన్న పేటకు తాటితోపు అని అర్థం. పేరులోని తాళ్ళను ఇప్పుడు ఇళ్ళ నడుమ వెతుక్కోవాలి. అదీ నిండితే మరో అంచు, హైవే పక్కన మరో మౌజా.

ఈ కథ ఒక్క కుటుంబానిదైతే ప్రకృతికి వచ్చే నష్టమేమీ లేదు. తరం తర్వాత తరం ఒక పట్టణపు శ్రామికులందరూ అరవయ్యో ఏట బయటికి నెట్టబడితే ఏమవుతుందన్నదే ఆలోచించవలసిన విషయం. అంచున స్థలం కొన్నవారిని పర్యావరణం పట్టనివారని నిందించడం సులువు. వారికి మరో దారి చూపినవారెవరు?

ఇదే కాలంలో క్వార్టర్లలో ఉండవలసినవారి సంఖ్య తగ్గింది. 1991 ప్రాంతంలో భారతీయ రైల్వేలలో 16 లక్షలకు పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య దాదాపు 12 లక్షలు. ఆవిరి ఇంజన్లతో పాటు వాటి చుట్టూ ఉండే పనులూ పోయాయి. కొన్ని పనులు కాంట్రాక్టుకు వెళ్ళాయి. క్వార్టరు తీసుకోని ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం వస్తుంది కనుక, కారుతున్న పైకప్పు కింద ఉండే కన్నా ఆ భత్యాన్ని సొంత ఇంటి వాయిదాకు కట్టుకోవడమే మేలని చాలామంది భావిస్తారు. ఎవరి లెక్క వారికి సబబే. అన్ని లెక్కలూ కలిసి ఊరి నడుమ తలుపులూ కిటికీలూ ఊడిపోయిన గోడలను, ఊరి బయట పునాది గోతులను మిగులుస్తున్నాయి.

ఒక చిన్న గణితం చూద్దాం. బెంగాల్‌లో ఇంటి స్థలాన్ని కాఠాలలో కొలుస్తారు. కాఠా అంటే 720 చదరపు అడుగులు, మన లెక్కలో 80 గజాలు. వెయ్యి కుటుంబాలు తలా రెండు కాఠాలు కొంటే లక్షా అరవై వేల గజాలు, అంటే 33 ఎకరాలు. వీధులు, కాలువలు, దుకాణాలు కలుపుకుంటే యాభై ఎకరాలకు చేరుతుంది. అదే వెయ్యి కుటుంబాలు నాలుగంతస్తుల భవనాలలో, అంతస్తుకు నాలుగిళ్ళ చొప్పున ఉంటే 63 భవనాలు సరిపోతాయి. ఒక్కో భవనానికి నాలుగు వేల చదరపు అడుగుల పునాది అనుకున్నా, కట్టడం కింద పోయే నేల ఆరు ఎకరాలు దాటదు. చుట్టూ అంతకు రెట్టింపు ఖాళీ వదిలినా ఇరవై ఎకరాల లోపే. పైగా ఆ నేల ఇప్పటికే ఊరుగా ఉన్నది. దానికి రోడ్డు ఉంది, కాలువ ఉంది, బడీ ఆసుపత్రీ నడిచే దూరంలో ఉన్నాయి.

అంచున పోయే ముప్ఫై ఎకరాలకు ఏమంత విలువ అనిపించవచ్చు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నేల స్వభావం తెలిస్తే ఆ అనుమానం తీరుతుంది. అది లేటరైటు నేల. మన వైపు మొరం అనో గ్రావెల్ అనో పిలిచే ఎర్ర కంకర. గాలీ ఎండా తగిలితే ఇటుకలా గట్టిపడడం దాని గుణం. పైన గుగ్గిలం చెట్లూ, వాటి కింద రాలిన ఆకుల మెత్తా ఉన్నంత కాలం వాననీరు నిదానించి లోపలికి దిగుతుంది. చెట్టు కొట్టి, పైపొర తవ్వి, మొరాన్ని పునాదులు నింపడానికి లారీలకెత్తితే మిగిలే గట్టి నేల మీద నీరు నిలవదు, పరుగెత్తి పల్లానికి పోతుంది. వానకాలంలో పల్లపు వీధులు మునగడానికీ, వేసవిలో బోర్లు అడుగంటడానికీ మూలం ఒకటే కావచ్చు. మొరం తవ్విన గుంతను ఊరి వాళ్ళు కొన్నాళ్ళు చెరువంటారు. తరువాత అదీ చెత్తతో నిండుతుంది.

నిజమైన చెరువుల విషయానికి వస్తే పశ్చిమ బెంగాల్‌లో చట్టం కఠినంగానే ఉంది. 1984 నాటి మత్స్య చట్టానికి తరువాత చేర్చిన 17ఎ సెక్షను ప్రకారం ఐదు కాఠాలు లేదా అంతకు మించిన నీటి వనరును పూడ్చడం నేరం. నాలుగు వందల గజాల కుంట కూడా ఈ రక్షణ కిందికి వస్తుందన్నమాట. మన రాష్ట్రాలలో గొలుసుకట్టు చెరువులు ఇళ్ళ కింద పోతుంటే చూసినవారికి ఈ చట్టం ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే కుంటను ఒక్క రోజున పూడ్చేవారు ఎవరూ ఉండరు. మొదట ఒక ఒడ్డున కూల్చిన ఇంటి పెళ్ళలు పడతాయి. గుర్రపుడెక్క అల్లుకుంటుంది. రెండు వేసవులు గడిచాక అక్కడ నీరుండేదని రుజువు చేయడం ఫిర్యాదుదారు బాధ్యత అవుతుంది. చట్టం కొలతను చెప్పింది కాని కాపలాను చెప్పలేదు.

అడవి విషయంలో ఈ ప్రాంతానికి గర్వించదగిన చరిత్ర ఉంది. 1970వ దశకం తొలి ఏళ్ళలో నాటి మేదినీపూర్ జిల్లా ఆరాబారిలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఒక ప్రయోగం చేశారు. నరికివేతతో మోడుబారిన 1,272 హెక్టార్ల అడవిని 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాలకు అప్పగించి, కాపాడితే ఆదాయంలో నాలుగో వంతు మీదే అన్నారు. గుగ్గిలం చెట్టుకు ఒక వరం ఉంది. మొదలు మిగిలితే చాలు, చిగురు వేస్తుంది. మేకలనూ గొడ్డళ్ళనూ దూరం పెడితే, నాటకుండానే అడవి తిరిగి లేచింది. దేశమంతటా ఉమ్మడి అటవీ యాజమాన్యం అన్న విధానానికి నాంది పలికిన చోటు ఇదే. మన ఆంధ్రలో వన సంరక్షణ సమితులకూ ఇదే మూలం. హక్కు ఉన్నవాడు కాపాడతాడన్న ఆ పాఠం చెట్ల విషయంలో ఫలించింది. అదే జిల్లాలో ఇళ్ళ విషయంలో మాత్రం దానిని ఎవరూ ప్రయత్నించలేదు.

తిరిగి లేచిన అడవికి అతిథులూ వచ్చారు. 1980వ దశకం చివరి నుంచి దల్మా కొండల ఏనుగులు దక్షిణ బెంగాల్ వరిచేల దాకా రావడం, ఏటేటా ఎక్కువ కాలం ఉండిపోవడం మొదలైంది. పార్వతీపురం మన్యంలో ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులతో సతమతమవుతున్న రైతుకు ఈ కథ కొత్త కాదు. ఒకవైపు అడవి దట్టమై ఏనుగు ముందుకు వచ్చింది. మరోవైపు ఊరు, కర్మాగారాలు, రోడ్లు, అదనపు రైలు మార్గాలు దానికి ఎదురు వెళ్ళాయి. 2025 జూలైలో ఝాడ్‌గ్రామ్ జిల్లా బాన్‌స్తలా సమీపాన ఖరగ్‌పూర్–టాటానగర్ మార్గంలో రైలు ఢీకొని మూడు ఏనుగులు మరణించాయి. వాటిలో రెండు గున్నలు. ఆ దుర్ఘటనకు రెండు కాఠాల ప్లాటు కారణమని అనలేము. ఏనుగు దారికి అడ్డొచ్చే కంచెలు, దీపాలు, గోడలు ఎక్కడెక్కడ పెరుగుతున్నాయో అడిగే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

ఆ బాధ్యత ఎవరిదో తేల్చడమే ఇక్కడ కష్టం. జనగణన పుస్తకాల్లో ఖరగ్‌పూర్ ఒక ఊరు కాదు. 2011 లెక్కల ప్రకారం 2 లక్షల 7 వేల జనాభా గల పురపాలక సంఘం ఒకటి, ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్ అన్న పేరుతో మరొకటి. పురపాలక సంఘం ఊరి లోపల తన వార్డులు చూసుకుంటుంది. రైల్వే స్థలంలో ఏం చేయాలన్నా భూయజమాని అయిన రైల్వే అంగీకరించాలి. ఊరు నిజంగా పెరుగుతున్న అంచులో అధికారం గ్రామ పంచాయతీలది. వీటన్నింటిపైన మేదినీపూర్ ఖరగ్‌పూర్ అభివృద్ధి సంస్థ ఉంది. నది అవతలి మేదినీపూర్‌నూ ఇవతలి ఖరగ్‌పూర్‌నూ కలిపి ఆలోచించవలసిన సంస్థ అది. మునిగిన వీధి ఏ సంస్థ పరిధిలోదో తేలేసరికి వానకాలం వెళ్ళిపోతుంది.

ఇది ఒక్క ఖరగ్‌పూర్ బాధ కాదు. ఐదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు నాలుగు వందల జనసాంద్రత, పురుష శ్రామికులలో ముప్పాతిక మంది సాగేతర పనుల్లో ఉండడం అనే మూడు లక్షణాలుంటే ఒక గ్రామాన్ని జనగణన పట్టణంగా లెక్కిస్తుంది. పాలన మాత్రం పంచాయతీదే. అలాంటి జనగణన పట్టణాలు దేశంలో 2001లో 1,362 ఉండగా 2011కు 3,894 అయ్యాయి. పశ్చిమ బెంగాల్‌లో అవి 252 నుంచి 780కి పెరిగాయి. పట్టణంలా బతుకుతూ పట్టణ ప్రణాళిక లేని ఊళ్ళు సంఖ్యలో ఇంతగా పెరిగిన రాష్ట్రం మరొకటి లేదు.

అయితే ఊరినంతా అంతస్తులుగా పేర్చడమే పరిష్కారమా? దట్టమైన నగరమే ప్రకృతికి మిత్రమని, చుట్టూ అడవిని వదిలిపెట్టేది అదేనని ఒక వర్గం పర్యావరణవేత్తలు వాదిస్తారు. ఊళ్ళోనే చెట్లూ పిట్టలూ ఉండాలి, లేకుంటే అడవి విలువ ఎరిగిన మనుషులే మిగలరని మరో వర్గం అంటుంది. ఖరగ్‌పూర్‌లో రెండింటికీ ఆధారం దొరుకుతుంది. 47 డిగ్రీల ఎండలో రైల్వే కాలనీ నీడ, 2,100 ఎకరాల ఐఐటి ఆవరణలోని పచ్చదనం ఊరికి శ్వాస లాంటివి. పాత క్వార్టర్లతో పాటు వందేళ్ళ చెట్లనూ కూల్చి అక్కడ గాజు సముదాయాలు నిలబెడితే ఊరికి కలిగే మేలు ఏమీ ఉండదు. పట్టణాల చెట్లకు రక్షణగా ఆ రాష్ట్రంలో 2006 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. దానిని కాలనీల పునర్నిర్మాణానికి మొదటి షరతుగా చేయాలి. చెట్టు ఉన్న చోట చెట్టు ఉండాలి, కూలిన గోడ ఉన్న చోటే అంతస్తులు లేవాలి.

మరో హెచ్చరిక కూడా అవసరం. రైల్వే స్థలాల్లో ఏళ్ళ తరబడి వెలసిన బస్తీలు ఉన్నాయి. వాటిలో తెలుగు మాట్లాడే పేద కుటుంబాలు ఎన్నో. లోపలి భూమిని వాడుకోవడం అంటే వారిని బయటికి తరిమి, ఆ స్థలాన్ని వేలం వేయడం అని అర్థమైతే, అంచున మరో బస్తీ లేస్తుంది. అడవి వారకు జరిగే నష్టం అలాగే ఉంటుంది.

దేశంలో రైల్వేల చేతిలో దాదాపు 4.8 లక్షల హెక్టార్ల భూమి ఉంది. కాలనీలను తిరిగి కట్టడానికీ, మిగులు స్థలాలను లీజుకు ఇవ్వడానికీ రైల్వే భూముల అభివృద్ధి సంస్థను 2005 నాటి చట్ట సవరణ ద్వారా ఏర్పాటు చేశారు. ఇప్పటిదాకా మన చర్చ ఆ లీజు వల్ల రైల్వేకు ఎంత ఆదాయం వస్తుందన్న దగ్గరే ఆగిపోతోంది. వాణిజ్య సముదాయాలతో పాటు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులకు దీర్ఘకాలిక లీజు మీద ఇళ్ళు ఎందుకు ఉండకూడదు? ముప్ఫై ఏళ్ళు కొలువు చేసిన మనిషి తన వీధిలోనే, తన గుడికీ తన రైల్వే ఆసుపత్రికీ దగ్గరగా, రెండు గదుల ఫ్లాటులో మిగిలిన జీవితం గడిపితే అతనికీ మంచిదే, అతను కొనని రెండు కాఠాల పొలానికీ మంచిదే. భూమి రైల్వేదిగానే ఉంటుంది. ఆరాబారి పల్లెలకు కూడా అడవిని రాసివ్వలేదు, ఫలంలో వాటా మాత్రమే ఇచ్చారు.

ఇందుకు అభ్యంతరాలు లేకపోలేదు. రేపు రైల్వేకు ఆ భూమి అవసరం పడితే ఎలాగని అధికారులు అడుగుతారు. మూడో, నాలుగో రైలు మార్గాలు, గూడ్సు యార్డులు భవిష్యత్తులో రావచ్చు. నిజమే. పట్టాల పక్క నేలను వేరుగా, ఊరి నడిమి నివాస నేలను వేరుగా గుర్తించే పటం ముందు కావాలి. హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలకు 1996లో రక్షణ కల్పించిన 111 జీవో ఆ తరువాత ఎన్ని వివాదాలలో నలిగిందో తెలుగువారికి తెలుసు. బయట కట్టవద్దని గీత గీసి, లోపల ఎక్కడ కట్టాలో చెప్పకపోతే గీత నిలవదు. ఖరగ్‌పూర్‌కు ఉన్న అనుకూలత ఏమిటంటే, ఆ లోపలి భూమి వేలాది ప్రైవేటు యజమానుల చేతుల్లో చీలిపోయి లేదు. ఒక్క సంస్థ నిర్ణయిస్తే చాలు. హైదరాబాద్‌కూ విశాఖకూ ఆ అదృష్టం లేదు.

2027 జనగణనకు ముందు ఇళ్ళ గణనను 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు పూర్తి చేయాలని కేంద్రం నిర్ణయించింది. 2011 గణనలో దేశ పట్టణాలలో కోటి పది లక్షలకు పైగా ఇళ్ళు ఖాళీగా తేలాయి. ఈసారి గణకుడు ఖరగ్‌పూర్ పాత కాలనీలో తలుపు లేని క్వార్టరు ముందు నిలబడి, ఖాళీ అని నమోదు చేసుకుని ముందుకు పోతాడు. ఊరి చివర కొత్త మౌజాలో మరో గణకుడు రంగు ఆరని ఇంటి గోడ మీద నంబరు వేస్తాడు. ఆ ఇల్లు లేచిన చోట పదేళ్ళ కిందట కుంట ఉండేదా, గుగ్గిలం మొదళ్ళు ఉండేవా అన్న ప్రశ్న అతని చేతిలోని పత్రంలో లేదు.